మామయ్య వదిలిన సందు

పూజ్యులైన మామయ్యకు మేనకోడలి నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు కనుక నాకు ఉత్తరమే గతి. మీరు బోర్డులకు రాసే అక్షరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాను. ఇక వాటిని కలిపి ఒక్క ఫాంటుగా కూర్చాలి. దానికో పనిముట్టుంది. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు, నల్లటి తెర మీద ఆజ్ఞ ఒక్క వరుస టైపు చేస్తే కూర్చిపెడుతుంది. కానీ అది మొండికేసింది. ప్రతి అక్షరానికీ ఎడమవైపు కింద అంచు గీత కలవలేదట. పదిహేనో తారీకుకల్లా ఫాంటు ఇవ్వకపోతే బస్టాండు బోర్డులకు మీ తోడల్లుడిగారి అక్షరాలు వేస్తారట. దయచేసి గీతలు కలిపి పంపండి.

మీ చిట్టి

తా.క. యాభై ఆరు అక్షరాలు, యాభై ఆరు తప్పులు. మీ స్కూలు మార్కుల గురించి అమ్మ చెప్పింది నిజమేనన్నమాట.

చిరంజీవి చిట్టికి మామయ్య ఆశీస్సులు.

తప్పులా? నలభై ఏళ్లు బోర్డులు రాశాను. ఆ సందులో పడి ఒక్కడైనా కాలు విరగ్గొట్టుకున్నాడా? అది కావాలని వదిలే సందు. మా తోడల్లుడు నా అక్షరాల మీద కాగితం పెట్టి దించేస్తాడు. సందు చూసి, నేనేదో మరిచిపోయాననుకొని శుభ్రంగా పూడ్చేస్తాడు. అలా రెండుసార్లు దొరికిపోయాడు. సందుంటే నాది, పూడి ఉంటే వాడిది అని వర్తక సంఘం చేత తీర్మానం రాయించి, నేనూ వాడూ సంతకాలు కూడా పెట్టాం. ఆ సంగతి నీ పనిముట్టుకు చెప్పు.

నా చెయ్యి వణుకుతోంది, నిచ్చెన ఎక్కలేను. ఇక నా రాత బతికేది నీ ఫాంటులోనే తల్లీ. సందుతోనే బతకాలి.

మామయ్య

తా.క. ఆజ్ఞాపించేది నువ్వూ, తప్పులు పట్టేది అదీనా? మా ఇంట్లోనూ ఇదే వరస.

మామయ్యకు చిట్టి నమస్కరించి రాసేది.

దానికి చెవుల్లేవు మామయ్యా, మీ తీర్మానం ఎక్కడని చదివి వినిపించను? ఆజ్ఞ చివర ఒక చిన్న మాట చేరిస్తే సందులన్నీ అదే పూడ్చేస్తుందట. ఇవాళ ఎనిమిదో తారీకు. వద్దంటే వెంటనే రాయండి. పద్నాలుగు సాయంత్రం దాకా ఉత్తరం రాకపోతే సరేనన్నారనుకుంటాను.

చిట్టి

తా.క. వెంట్రుకవాసి సందు! బస్సు వెనక పరిగెత్తేవాడు దాన్ని చూస్తాడా?

ఒసేయ్ చిట్టీ!

వద్దు! వద్దంటే వద్దు! సందు పూడ్చావంటే నీ ఇంటి గడప తొక్కను!

మామయ్య

తా.క. తోడల్లుడు పోస్టాఫీసుకే వెళుతున్నాడంటే ఈ ఉత్తరం వాడి చేతికే ఇచ్చాను. ఇంట్లో జిగురు అయిపోయింది, కవరు కూడా తనే అంటిస్తానన్నాడు. ఇన్నేళ్లకు కాస్త మంచి బుద్ధి పుట్టింది.

మామయ్యా, ఏ ముఖం పెట్టుకొని రాయను!

మీ ఉత్తరం నిన్న, అంటే పద్దెనిమిదిన అందింది. పద్నాలుగు సాయంత్రం దాకా గుమ్మం వైపే చూసి, ఆ మాట చేర్చేశాను. మూడు సెకన్లలో ఒక్క తప్పూ లేకుండా ఫాంటు తయారైంది. బోర్డులు కూడా ఎక్కేశాయట.

చిట్టి

తా.క. కవరు మీద మీ ఊరి పోస్టాఫీసు ముద్ర పదిహేడో తారీకుది.

చిట్టికి,

బస్టాండుకు వెళ్లాను. అరవై బోర్డులు. నా వంపులే, నా మెలికలే, ఒక్క సందు లేదు. ఏడుపొచ్చింది. కింద మా తోడల్లుడు చంకలో తీర్మానం పెట్టుకొని నిలబడి ఉన్నాడు. "పూడి ఉంటే నాదేనని అన్నయ్యే రాయించాడండీ, ఇదిగో ఆయన సంతకం" అని మేనేజరుకు చూపిస్తున్నాడు.

మేనేజరు బోర్డు చూశాడు, తీర్మానం చూశాడు, నన్ను చూశాడు. "పెద్దవారు, ఈ వయసులో తోడల్లుడి రాత కాజేయడమేమిటండీ?" అన్నాడు. నేనే గెలిచిన తగవులో నేనే దొంగనయ్యాను. ప్రతి బోర్డు మూలనా వాడి పేరే వేస్తారట.

క్షమాపణ రాసివ్వమన్నారు. వణుకుతూనే రాశాను, అక్షరం అక్షరానికీ సందు పెట్టి మరీ. మేనేజరు చూసి, "గీతలు సరిగ్గా కలవడం లేదండీ, మా ఫాంటులో టైపు చేయించి తీసుకురండి" అన్నాడు.

నీ మీద కోపం లేదని అబద్ధం రాయను. ఉంది. కానీ ఆ ఫాంటు ఉన్నది నీ దగ్గరే కనుక నువ్వే టైపు చేసి పంపు.

మామయ్య

తా.క. సంతకానికి కింద సందు వదులు. అదొక్కటైనా పూడ్చకు.