మినాయో తలమీద మోసిన నేల

విహిగా కొండల్లో కాపురముంటున్న జోతాము కెగోడె కుమారుడు హోషేయ కెగోడె అనే నేను, డెబ్బై నాలుగేళ్ల వయసులో, మోకాళ్లు తప్ప తక్కిన అవయవాలన్నీ మాట వింటుండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడ మీద అనుమానం ఉన్నవాళ్లు పోయిన ఆదివారం నా ప్రసంగం రెండు గంటలూ విని ఉంటే సరిపోయేది. నిద్రపోయినవాళ్ల సాక్ష్యం చెల్లదు. అక్షరాలు నేను బడిలో కాక పరిశుద్ధ గ్రంథంలోనే నేర్చుకున్నాను. అందుచేత వకీలు మాట దొరకనిచోట ప్రవక్త మాట వాడతాను. కోపంలో రాసి బీరువాలో దాచిన పాత కాగితాలు రెండూ రద్దు.

1. ఈ వీలునామా అమలు చేయవలసింది మా సంఘం కోశాధికారి రాసోవా కవెజా. ఇరవై ఏళ్లుగా నాతో వాదించి ఒక్కసారీ ఓడని ఆడమనిషి. నా కొడుకుల ముందు నిలబడడానికి అలాంటి మనిషే కావాలి.

2. ఇల్లు, వంటపాక, ఎర్రావు, దాని కడుపులోని దూడ నా భార్య కగేహాకు. పాలు ఎవరికి పోయాలో ఆమె ఇష్టం. నలభై తొమ్మిదేళ్లు నా ప్రసంగాలను ముందుగా పొయ్యి దగ్గర విని, సగం తీసేయించింది. అందుకు సంఘం ఆమెకు కృతజ్ఞత చెప్పాలి.

3. రోడ్డు పక్క మడి, అందులోని అరటి చెట్లు నా రెండో కొడుకు అడగాలాకు. పేడ వాసనకు తనకు తలనొప్పి వస్తుందంటాడు. ఆ పేడతో పెరిగిన అరటిగెల దగ్గర మాత్రం ఎప్పుడూ రాలేదు.

4. ఇంటి పక్క మడి, మన ఆచారం ప్రకారమే, కడగొట్టు కిసియాకు. నా నల్లకోటు కూడా అతనిదే. చేతులు పొడుగ్గా ఉన్నాయి. పార పట్టడానికి పనికిరాకపోయినా కోటుకు సరిపోతాయి.

5. ఇక్కడ ఒక ఒప్పుకోలు. పొట్టును ఆరని అగ్నిలో కాలుస్తాడన్న లేఖనం పట్టుకుని, మొక్కజొన్న దంట్లన్నీ పొలంలోనే తగలబెట్టాలని నేను తొమ్మిదేళ్లు బోధించాను. సంఘమంతా కాల్చింది. కొండంతా పొగ. నా పెద్ద కోడలు మినాయో ఒక్కతే వచ్చి, "మామయ్యా, దేవుడు కాలుస్తానన్నది పొట్టు కదా. దంట్లు నాకివ్వండి, ఆవు కింద పరుస్తాను" అంది. ప్రసంగీకుడికి వాక్యం చెబుతావా అని గద్దించి పంపాను. ఆ రాత్రి గ్రంథం తీసి చూశాను. పొట్టు అనే ఉంది. నేను దిగిరావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నా మాట విని దంట్లు కాల్చుకున్న ప్రతి ఇంటినీ క్షమాపణ అడుగుతున్నాను.

6. రెండో ఒప్పుకోలు ఇంతకంటే బరువైంది. నా పెద్దకొడుకు వుగుత్సా చనిపోయినప్పుడు మినాయోకు, ఆమె ఇద్దరు ఆడపిల్లలకు నేను కొండవాలు ఇచ్చాను. అక్కడ తెల్లరాయి తేలి ఉండేది. మొక్కజొన్న వేర్లు పీల్చే ఊదాపూల కలుపు తప్ప ఏదీ బతికేది కాదు. దయతో ఇవ్వలేదు. విసిగి పుట్టింటికి పోతుందని ఇచ్చాను. ఆమె పోలేదు. ఆవు పేడ, దాని కింద తడిసిన దంట్లు, పొయ్యి బూడిద, కంచె మీది చేదుపూల ఆకు అన్నీ గుంటలో మురగబెట్టి, పద్నాలుగేళ్లు బేసిన్లతో తలమీద మోసింది. వాలుకు అడ్డంగా గట్లు వేసి పశువుల గడ్డి నాటింది. కాయని అంజూరపు చెట్టును నరకవద్దు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్న తోటమాలి మీద నేను వందసార్లు ప్రసంగించి ఉంటాను. ఆ తోటమాలి మా ఇంట్లోనే బేసిన్ మోస్తుంటే గుర్తుపట్టలేదు.

ఇప్పుడు ఆ వాలులో కంకులు మోచేతి పొడవున్నాయి. నా కొడుకులకు కొలతాడు గుర్తొచ్చింది. "వదినకి మగపిల్లలు లేరు కదా నాన్నా, వాలు మళ్లీ కొలుద్దాం" అంటున్నారు. తెల్లరాయి ఉన్నన్నాళ్లూ ఎవరూ కొలుద్దామనలేదు. అందుచేత కొండవాలు మొత్తం, పై బండ నుంచి కింది వాగు దాకా, మినాయోకు ఆమె పేరు మీదే రాస్తున్నాను. ఆమె తర్వాత ఆమె ఆడపిల్లలకు.

7. దీనికి అడ్డుచెప్పే కొడుకును నేనేమీ శపించను. వాలు అతను తీసుకోవచ్చు. ఒక్కటే షరతు: ముందు నేను ఆమెకిచ్చిన నాటి స్థితికి దాన్ని తేవాలి. ఆమె మోసిన నల్లమట్టినంతా, అదే బేసిన్‌తో, తన తలమీదే మోసి ఆమె గుమ్మంలో పోయాలి. బండి పనికిరాదు, కూలి పనికిరాదు. తెల్లరాయి పైకి తేలాక రాసోవా వచ్చి చూసి, సరే అంటే, ఆ రాయి అతనిది. తలనొప్పి మినహాయింపు లేదు.

8. ఎర్రావు పాలు కగేహాకే చెందినా, పేడ మినాయోది, ఆమె గడ్డి వేసినన్నాళ్లూ. అడగాలా, కిసియా తమ మడులకు ఎరువు కావాలంటే ఆమె దగ్గర నేర్చుకోవాలి. ఊరికే అడిగితే ఇవ్వదు. నేను అడిగి చూశాను.

9. నా సమాధి మీద సిమెంటు పోయవద్దు. మట్టి నుంచి తీయబడినవాణ్ణి, మట్టిని మూసేయకండి. కొండవాలులో పడుకోవాలని నా కోరిక. అయితే ఆరో అంశం రాసిన క్షణం నుంచి అది నా నేల కాదు కనుక, అనుమతి అడగమని రాసోవాను పంపాను. మినాయో జవాబును రాసోవా తెచ్చినది తెచ్చినట్టు ఇక్కడ రాస్తున్నాను: "పై బండ పక్కన చోటుంది, అక్కడ పడుకోమనండి మామయ్యని. కింద మడి మాత్రం కుదరదు, చిక్కుడు వేశాను."

పై బండ నాకు సమ్మతమే.

2019 ఫిబ్రవరి 11, విత్తనాల ముందు సోమవారం.

(సంతకం) హోషేయ కెగోడె

సాక్షులు, ఇద్దరూ మొదటినుంచి చివరిదాకా మేలుకుని విన్నవారు:
1. ఎల్‌ఫాస్ మ్మాడి, కమ్మరి
2. లోయిస్ వుయాన్జి, మంత్రసాని