గోధుమరంగు కోటు

ఫిలడెల్ఫియాలో దేశం పనిమీద ఉన్న మావారు సైలస్ గారికి, కెజియా నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఇల్లు కూడా క్షేమమే, ఎవరూ తగలబెట్టలేదు. మీ క్షేమం తెలుపగలరు.

మీరడిగినవాటికి జవాబు రాస్తున్నాను. గడ్డి కోత అయింది. అత్తయ్యగారి మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం దివ్యంగా ఉంది. సెనేటు సమావేశాలు ముగిసినా పెద్ద కోర్టులో వాదించాల్సిన వ్యాజ్యం ఉందని ఆగిపోయారట, అదీ విన్నాం. మరో ఆరేళ్ళు సెనేటులో ఉండమంటున్నారు, ఒప్పుకోనా అని అడిగారు. దానికి జవాబు దొరక్క మూడు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఇంగ్లండుతో ఒప్పందానికి మీరు ఓటేశారన్న కబురు మంగళవారం వచ్చింది. ఇంగ్లండుకు తలొగ్గారన్న కోపంతో, బోస్టన్‌లో చేసినట్టే ఇక్కడా తగలబెట్టడానికి మీ గడ్డిబొమ్మ కట్టారు. తీరా చూస్తే అది అచ్చం మన పాస్టరుగారిలా ఉందట. ఆయన కేకలేస్తే, పీపాలు చేసే ఓబెద్ టోపీ చేత్తో పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మగారూ, తప్పుగా అనుకోకండి. సాయంత్రం అయ్యగారిని తగలబెడుతున్నాం. పాత కోటు ఏదైనా ఉంటే..."

"నీకు సిగ్గులేదుట్రా? మూడేళ్ళ కిందట నీ దావా ఊరికే వాదించి గెలిపించిందెవరు?"

"ఆ విశ్వాసంతోనేనమ్మా వచ్చి అడుగుతున్నది! బొమ్మ సరిగ్గా కుదరకపోతే కుర్రాళ్ళు ఇంటిమీదికొస్తారు. ఆళ్ళని నేనాపలేను."

నేను మోచేతులు చిరిగిన నల్లకోటు తెచ్చాను. అత్తయ్యగారు కర్ర నేలకేసి కొట్టారు.

"అది ఇస్తావుటే? నలుగురూ చూస్తారు! నా కొడుకు చిరుగుల కోటు తొడుక్కుంటాడా? ఆ గోధుమరంగుది ఇయ్యి!"

అలా మీ మంచి కోటు పోయింది. నవ్వుకుంటారో, తిట్టుకుంటారో మీ ఇష్టం.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మనసు ఊరుకోవడం లేదు. చీకటి పడేవేళ మన అమ్మాయి పేషన్స్‌ను తీసుకుని నేనూ మైదానానికి వెళ్ళాను. బొమ్మను కొయ్యకు ఎత్తి కట్టారు. మీ కోటు భుజాల దగ్గర సరిగ్గా మీకున్నట్టే నిలబడింది. అయిదేళ్ళ పిల్ల, మిమ్మల్ని చూసి రెండేళ్ళయింది. నా చెయ్యి లాగి అడిగింది.

"అమ్మా, నాన్న ఇంత పొడుగుంటాడా?"

అప్పుడే నిప్పు పెట్టారు. "సైలస్ వద్దు! సైలస్ పోవాలి!" అని ఊరంతా అరిచింది. నేనూ అరిచాను. గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఓబెద్ నా వంక తిరిగి, భయపడి టోపీ తీసేశాడు.

ఒప్పందం మీద నాకు కోపం లేదు. యుద్ధం తప్పించారు, మంచిపనే చేశారు, ఎవరడిగినా అదే చెప్తాను. కానీ మీ బిడ్డ మీ పొడవు గడ్డిబొమ్మను చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. అది నేను సహించలేకపోయాను.

అందుకే ఇప్పుడు జవాబు రాస్తున్నాను. ఆ ఆరేళ్ళకు ఒప్పుకోకండి. ఊరివాళ్ళ కోపం మంటతోపాటే ఆరిపోయింది, మర్నాడే ఓబెద్ మీ యోగక్షేమాలు అడిగి వెళ్ళాడు. నా కోపం మాత్రం ఆరలేదు. మీరొచ్చి గుమ్మంలో నిలబడితే తప్ప ఆరదు.

ఇట్లు,
ఇంకా బొంగురు గొంతుతోనే ఉన్న మీ భార్య,
కెజియా