బెల్టు మార్చే ముందు

చిన్నా,

అందరూ షాఫ్టుతో చక్రాలు తిరిగే కారు కొనుక్కోమంటే, నువ్వు బెల్టు కారే ఎందుకు ఎంచుకున్నావు? రిమోట్‌తో నడిపే ఆ మూరెడు రేసు కారులో మన నిమ్‌పురా రైల్వే కాలనీ దుమ్మంతా చేరి బెల్టు అరిగిపోతుందని నీకూ తెలుసు. అడిగితే "మెత్తగా పోతాదక్కా" అనేవాడివి. గెలవడానికే కొన్నావో, ఆదివారాలు విప్పుకుని బ్రష్షుతో తుడుచుకోవడానికి కొన్నావో ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు.

నువ్వు పోయాక వచ్చిన మొదటి విశ్వకర్మ పూజ ఇవాళ. నీ స్క్రూడ్రైవర్ల పక్కన కారు పెట్టి బొట్టు పెట్టాను. రైల్వే వర్క్‌షాపులో నీతో పనిచేసిన అప్పలరాజు ప్రసాదం తెచ్చి, చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు.

"బెల్టుకి పగుళ్ళొచ్చేసినాయక్కా. కొత్తది ఏస్తే ఆదివారం రేసులో దింపుతాను, ఆడి పేరుమీదే."

"అయితే ఇప్పుడే మార్చెయ్యి."

"ఇయాల పనిముట్టు ముట్టుకుంతారేటి? ఎమ్మే సదివినావు, రైలోళ్ళింట పుట్టినావు, ఇదీ తెల్దా? రేపు పొద్దున్నే వస్తాన్లే."

నవ్వాను. అతను వెళ్ళాక తట్టింది, మార్చెయ్యమని ఆలోచించకుండా అనేశానని. ఆ బెల్టు బిగువు నువ్వు వేళ్ళతో నొక్కి చూసి చూసి సరిచేసినది. విప్పితే అది పోతుంది. విప్పకపోతే కారు ఇక పరిగెత్తదు. ఇవాళ పూజ కాబట్టి నాకు రేపటిదాకా గడువు దొరికింది. పొద్దున్న అప్పలరాజుతో సరే అనాలో, వద్దు అనాలో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.

అక్క