నువ్వడిగిన మాత్రల పేర్లు

ఆకివీడు,
ఆగస్టు 20, బుధవారం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి దుర్గాశ్రీకి,

నీ భర్త ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అమ్మ, నేను కులాసాగానే ఉన్నాం. అక్కడ హైదరాబాదులో నువ్వు, మీ తమ్ముడు ఫణీంద్ర, వాళ్ళింట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. కులాసా అని రాయడం చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి చెయ్యి దానంతటదే రాసేసింది గానీ, శుక్రవారం నుంచి నేను బాగాలేను. ఒంటికేమీ కాలేదు, కంగారు పడకు. ఎందుకు బాగాలేనో చెప్పడానికే కూర్చున్నాను.

తమ్ముడింట్లో అందరి మధ్యా కూర్చుని కడుపు సంగతులు ఫోన్లో మాట్లాడటం సిగ్గనిపించి ఉత్తరం రాశానన్నావు. నాది కూడా ఫోన్లో చెప్పలేని సంగతే. అందుకని పెళ్ళయిన కొత్తలో రాసినట్టు మళ్ళీ కాగితం తీశాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. చుక్కలు నేనే వేస్తున్నాను. పోయిన వారం నుంచి పేపరు తనే చదువుకుంటోంది, చదివిన ప్రతి వార్తా నాకు మళ్ళీ చెబుతోంది. వంటకి వస్తున్న వీరదుర్గ మంచిదే, పనిలో వంక పెట్టడానికి లేదు. పులుసులో చింతపండు మాత్రం నువ్వు వేసేదానికి మూడింతలు వేస్తుంది.

మూడో నంబరు చెరువులో రొయ్యలు ఇంకా పట్టలేదు. నాలుగు రోజులు వదలకుండా వాన పడింది. ఆ తర్వాత మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూస్తే మేత సగం మిగిలిపోయింది, రొయ్యని వెలుగుకి పెట్టి చూస్తే పేగు తెల్లగా కనబడింది. నీకు తెలుసుగా, పేగు తెల్లబడిందంటే జబ్బు తగిలినట్టే. వెంటనే మేత తగ్గించి, పేగుకి మేలు చేసే క్రిముల పొడి కలిపి వేశాం. బెల్లం, తవుడు పులియబెట్టిన నీళ్ళు చెరువులో చల్లాం. వారానికి తేరుకున్నాయి. పొద్దున్నా సాయంత్రం ట్రే ఎత్తి పేగు చూడందే నాకు అన్నం సహించదని నువ్వు నవ్వేదానివి. ఆ మాట ఈ వారమంతా గుర్తొస్తోంది.

ఇక క్యాప్సూల్స్ సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలోంచి మంచి క్రిముల్ని తీసి, శుద్ధి చేసి, క్యాప్సూల్స్‌లో పెట్టి నొప్పులున్న వాళ్ళ చేత మింగించి చూస్తున్నారనీ, ఆ పరీక్షలో నువ్వు కూడా చేరతావా అని అక్కడ నిన్ను చూస్తున్న డాక్టరు మంజుషగారు అడిగారనీ రాశావు. "మీకు అసహ్యం వేస్తే చెప్పండి, మానేస్తాను" అన్నావు. అబద్ధమాడను, వేసింది. నీ ఉత్తరం గట్టు మీద నిలబడి చదివాను. ఆ లైను దగ్గరికి వచ్చేసరికి తప్పు చదివానేమో అని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. ఆ పూట వీరదుర్గ పెట్టిన అన్నం అలాగే వదిలేసి లేచాను. ఇదేం వైద్యం, మనవాళ్ళకి తెలిస్తే ఏమంటారు అనిపించింది. నీకెలా ఉంటుందో అని మాత్రం అప్పుడు అనిపించలేదు. అది కూడా ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

శుక్రవారం సెలవని మన శ్రీసత్య రాజమండ్రి నుంచి వచ్చింది. మైక్రోబయాలజీ చదువుతోంది కదా, దీని గురించి దానికి తెలిసుంటుందని భోజనాల దగ్గర అడిగాను.

"అమ్మ నాకు ముందే చెప్పింది నాన్నగారూ. మన పేగుల్లో బాక్టీరియా ఊరికే పడి ఉండదు. అది తయారుచేసే పదార్థాలు రక్తంలో కలుస్తాయి, నరాల దాకా పోతాయి. అమ్మకున్న ఈ ఒళ్ళునొప్పుల జబ్బు, ఫైబ్రోమయాల్జియా లాంటి వాటిలో ఆ బాక్టీరియా మామూలు వాళ్ళలా ఉండటం లేదని కొన్నేళ్ళుగా చూస్తున్నారు" అంది.

"నొప్పితో తిండి సరిగ్గా తినక అలా మారి ఉండొచ్చుగా?" అన్నాను.

"అదే అనుమానం వాళ్ళకీ వచ్చింది. అందుకే వేరే దేశంలో ఎలుకల మీద చూశారు. పుట్టినప్పటి నుంచి కడుపులో ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకలు. కొన్నిటికి ఆ జబ్బున్న ఆడవాళ్ళ బాక్టీరియా ఎక్కించారు, కొన్నిటికి జబ్బు లేనివాళ్ళది. కొన్ని వారాలు పోయాక అరికాలికి సన్నటి పోగు తగిలించి చూస్తే, జబ్బున్న వాళ్ళది ఎక్కినవి కాలు లాగేసుకున్నాయి. రెండో రకానివి అంతగా లాక్కోలేదు."

"అంటే, ఆ ఆడవాళ్ళ నొప్పి ఎలుకలకి వచ్చిందా?"

"అలాగే అనుకోవాలి. ఎలుకకి నటించడం రాదు కదా నాన్నగారూ."

అది మామూలుగానే అంది. దానికి ఏమీ తెలియదు. నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. మంచం మీద పేపరు చదువుతున్న అమ్మ కూడా పేపరు దించింది. "మీ ముఖం అలా అయిపోయిందేంటి?" అని పిల్ల అడిగితే, వేరే దేశంలో ఎలుకల గురించి విని ఇలా అయిపోయానని ఎలా చెప్పను? లేచి చెరువు మీదికి వెళ్ళిపోయాను. రెండో చెరువు గట్టు చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో తెలియదు.

శనివారం నువ్వు ఫోన్ చేసి, "అచ్చిబాబుగారిని అడిగారా? ఇన్నేళ్ళూ నేను వాడిన నొప్పి మాత్రల పేర్లు డాక్టరుగారికి కావాలట" అన్నావు. అతను ఊళ్ళో లేడన్నాను. ఉన్నాడు దుర్గా. నేనే వెళ్ళలేదు. వెళ్ళాల్సిన పని కూడా లేదనుకున్నాను, ఎందుకంటే ఆ మాత్రలేంటో నాకు తెలుసు.

ఇక రాయక తప్పదు. నీకు నొప్పులు మొదలై తొమ్మిదేళ్ళు. ఆ వరదల ఏడాది విరేచనాలు పట్టుకుని, పది రోజులు సెలైన్ మీద ఉండి లేచావు. అప్పటి నుంచీ ఒళ్ళంతా నొప్పులే అనేదానివి. భీమవరంలో చూపించాం, రాజమండ్రిలో చూపించాం. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు అన్నీ నార్మల్. "మనసు ఎటైనా మళ్ళించండి" అన్నాడొక డాక్టరు. ఆ తర్వాత రెండేళ్ళకి మా అక్క కూతురి పెళ్ళిలో నువ్వు గదిలోంచి బయటికి రాకుండా పడుకుంటే వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగారు. ఆ రోజు నాకు తల కొట్టేసినట్టయింది. నీకు నొప్పీ లేదు ఏమీ లేదు, పని తప్పించుకోవడానికే ఇదంతా అని ఖాయం చేసుకున్నాను. పెళ్ళి నుంచి వచ్చిన మర్నాడే అచ్చిబాబు దగ్గరికి వెళ్ళాను. డిగ్రీ లేకపోయినా ఊరందరికీ అతనే డాక్టరు కదా. "మా ఆవిడకి జబ్బేం లేదయ్యా. ఏదో ఒక బలం బిళ్ళ ఇచ్చి, పెద్ద నొప్పి మాత్ర అని చెప్పు" అన్నాను.

అది వేసుకున్న మర్నాడు నువ్వు వంటింట్లోంచి వచ్చి, "ఏమండీ, ఇవాళ కాస్త నయంగా ఉందండీ" అన్నావు. నాకు రుజువు దొరికిందనుకున్నాను. నీకు నయమైందని కాదు నేను సంతోషించింది. నేననుకున్నదే నిజమైందని. ఆ సంగతి మేత కంపెనీ చంద్రరావుతో చెప్పి నవ్వాను. ఆ తర్వాత నువ్వు నొప్పి అన్నప్పుడల్లా నా ముఖంలో ఏం కనిపించిందో నీకే తెలియాలి.

ఆ నేరం ఒక్కటే అయితే ఈ ఉత్తరం ఇక్కడితో అయిపోయేది. ఆదివారం పొద్దున అచ్చిబాబు దగ్గరికి వెళ్ళాను, ఆ బిళ్ళ పేరు కాగితం మీద రాయించుకుందామని.

"బి కాంప్లెక్సే కదా నువ్విచ్చింది? పేరు రాసివ్వు" అన్నాను.

"మొదట్లో అవేనండి రాజుగారూ" అన్నాడు.

"మొదట్లో అంటే?"

"ఓ ఆర్నెల్లండి. ఆ తర్వాత అమ్మగారు కడుపు ఉబ్బరం అన్నారు, మధ్యమధ్యలో విరేచనాలన్నారు. ఒట్టి బలం బిళ్ళలకి గుణం కనబడదు కదండీ. నా చెయ్యి మంచిది కాదనుకుంటారు. అందుకని యాంటీబయాటిక్ కలిపానండి. నెలకో ఐదు రోజులు. పని చెయ్యకపోతే ఇంకో రకం మార్చేవాడినండి."

"ఎన్నాళ్ళు కలిపావు?"

"మొన్న అమ్మగారు హైదరాబాదు వెళ్ళేదాకానండి."

"నేను నీకు ఏం చెప్పాను, నువ్వేం చేశావు?" అని అరిచాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేచి చూశారు. అచ్చిబాబు భయపడలేదు. నిజంగానే అర్థం కానట్టు నా వంక చూశాడు.

"ఏదో ఒకటి ఇయ్యి అన్నారు కదండీ మీరు."

పేర్లు రాసిమ్మంటే అతనే గుర్తున్నంత వరకు రాసిచ్చాడు. నాలుగు రకాలు. ఆ కాగితం దీనితో జతచేశాను. నీ డాక్టరుగారికి చూపించు.

ఇంటికొచ్చేదారిలో బండి ఆపేసి కాలవ గట్టు మీద కూర్చున్నాను. నిరుడు మన చెరువు మీదికి యాంటీబయాటిక్ డబ్బాలు అమ్మడానికి ఒకడొస్తే వాడిని గేటు దాకా తరిమానని నీకు చెప్పాను, గుర్తుందా? సరుకులో ఆ మందు ఆనవాలు దొరికితే కొనేవాళ్ళు తిప్పి పంపేస్తారు. పైగా చెరువులో ఉండాల్సిన మంచి క్రిములు కూడా చచ్చిపోతాయి. నా రొయ్యల కడుపులోకి ఒక్క గింజ వెళ్ళనివ్వలేదు. నీ కడుపులోకి ఆరేళ్ళ పైన, నెల తప్పకుండా, నేను తెచ్చిన కవర్లోనే వెళ్ళింది. నేనే నీళ్ళ గ్లాసు అందించాను.

సోమవారం మంజుషగారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆవిడ తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

"ఆ మందుల వల్లే నొప్పి వచ్చిందని నేను చెప్పలేనండి. నొప్పి అంతకు ముందే మొదలైంది. అన్నిసార్లు యాంటీబయాటిక్ వాడితే పేగుల్లో బాక్టీరియా దెబ్బతినడం మాత్రం నిజం. దాని వల్ల నొప్పి పెరిగిందా అంటే పెరిగి ఉండొచ్చు, లేకపోనూ వచ్చు. ఇప్పుడున్న చదువుతో ఎవరూ తేల్చి చెప్పలేరు" అన్నారు.

"మరి ఆ క్యాప్సూల్స్ ఇస్తారా అండీ?"

"ఇప్పుడు కుదరదండి. ఆఖరి యాంటీబయాటిక్ వేసుకున్నాక మూడు నెలలు గడవాలని మా పరీక్షలో నియమం. ఈ బ్యాచ్‌లో ఆవిడని తీసుకోలేం. అక్టోబరు ఆఖరున మళ్ళీ చూద్దాం. ఇంకో సంగతి, దీంతో తగ్గిపోతుందని ఆశ పెట్టుకోకండి. వేరే దేశంలో కొద్దిమంది ఆడవాళ్ళ మీద చేస్తే చాలామందికి నొప్పి తగ్గింది గానీ, అది మరీ చిన్న పరీక్ష. అందుకే మేమూ చేసి చూస్తున్నాం."

"మీరే ఆవిడకి చెప్పండి డాక్టరుగారూ" అని బతిమాలాను.

"వాయిదా పడిందని వచ్చే సోమవారం నేను చెబుతానండి. ఎందుకు పడిందో మీరు చెప్పాలి" అన్నారు.

సోమవారంలోగా నీకు చేరాలని దీన్ని ఇవాళే స్పీడ్ పోస్టులో వేస్తాను. ఆ క్యాప్సూల్స్ కోసం నువ్వు రోజులు లెక్కపెట్టుకుంటున్నావని తెలుసు. అది కూడా నేనే పోగొట్టాను.

నిన్న అమ్మకి చెప్పాను. చంద్రరావు దగ్గరికి కూడా వెళ్ళి, ఆ రోజు నేను నవ్విన నవ్వు తప్పని చెప్పాను. అతను మొదట హాస్యమనుకుని నవ్వాడు, తర్వాత తల దించుకున్నాడు. అమ్మ మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టింది. "నేనూ నమ్మలేదురా. ఒళ్ళు బరువనుకున్నాను" అంది. చీర కొంగుతో కన్ను ఒత్తుకోబోతే, అది ఆపరేషన్ చేసిన కన్ను అమ్మా అని చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు అంది, "దాన్ని క్షమించమని మాత్రం అడక్కు సత్యం. అడిగితే సరేననేస్తుంది. దానికదే అలవాటు చేశాం మనం."

అందుకే అడగటం లేదు. తిట్టాలనుంటే తిట్టు, ఇక్కడికి రావాలని లేకపోతే రానని చెప్పు. రమ్మంటే ఆ రోజే బయలుదేరి నేనే వస్తాను. అక్టోబరులో వాళ్ళు పిలిస్తే ఆ క్యాప్సూల్స్ నువ్వు వేసుకోవాలా వద్దా అన్నది నీ ఇష్టం. నా అసహ్యంతో నీకు పని లేదు, నాకూ అది ఇప్పుడు లేదు.

నేనడగాల్సింది వేరే ఉంది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదని ఈ వారమే తెలిసింది. నొప్పి నీకు ఎక్కడ మొదలవుతుంది? లేచేసరికే ఉంటుందా, పొద్దెక్కే కొద్దీ పెరుగుతుందా? నీ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే నువ్వు జరిగిపోయేదానివి. కోపమనుకుని నేనూ వెయ్యడం మానేశాను. అది కోపం కాదా దుర్గా? నా చెయ్యి తగిలినా నొప్పి పుట్టేదా?

ఇట్లు,
శ్రీసత్య నాన్న,
సత్యనారాయణరాజు.