అద్దంలా చేసిన తోట

తమ్ముడూ, అన్నం గిన్నెలో ఉంది, కూర వేడి చేసుకుని తిను. తోటకి ఇవాళ నీళ్లు పెట్టకు. పెట్టినా తాగేది తుంగ కలుపే, నిమ్మచెట్లు కాదు.

చెట్ల మధ్య నేను చల్లింది పిల్లిపెసర. అది నేలంతా అల్లుకుంటే కింద కలుపు ఎండ తగలక చస్తుందని చల్లాను. నేను ఆసుపత్రిలో అమ్మ దగ్గరుంటే, నువ్వు దాన్నే కలుపనుకుని ట్రాక్టరుతో దున్నించేశావు. "అక్కా, తోట అద్దంలా చేశాను" అని ఫోన్లో ఎంత మురిసిపోయావో! తుంగ గడ్డలు తెగి తోటంతా చెదిరాయి. ఇప్పుడు ఒకటున్న చోట పది మొలుస్తున్నాయి.

మళ్లీ చల్లుదామంటే, విత్తనానికని వసారాలో ఎండబెట్టిన కాయల్ని కూడా చెత్తనుకుని ఊడ్చేశావు. కొట్టుకి వెళ్తున్నాను గానీ అదను దాటిపోయింది, దొరుకుతాయన్న ఆశ లేదు. తిడదామన్నా నోరు రావడం లేదురా. చెట్ల మొదళ్ల దగ్గర చేత్తోనే పీకినట్టున్నావు, అరచేతులు బొబ్బలెక్కాయి. మందు కిటికీలో పెట్టాను, రాసుకో.

అన్నట్టు, బావి పక్క చెట్టు కింద ఒక్క పిల్లిపెసర తీగ మిగిలింది. దాంతో తోట నిండదని నాకూ తెలుసు. అయినా పక్కన పుల్ల పాతి నీ తువ్వాలు కట్టాను. నీకు దణ్ణం పెడతాను, అక్కడ మాత్రం శుభ్రం చెయ్యకు.