ఒక హ్యాండిల్, ఐదు నడుములు

జూలై 14, సోమవారం

బిక్షపతి అన్న ఒప్పుకున్నాడు! కేసముద్రంలో ఆయన వర్క్‌షాప్‌లో డిజైనర్‌గా చేరినప్పటినుంచీ అడుగుతున్నాను, పత్తిలో కలుపు తీయడానికి తోసే వీడర్‌కి అందరికీ ఒకే ఎత్తు హ్యాండిల్ ఏమిటని. మీ తండాల ఐదుగురికి ఐదు చేసి చూపియ్యి, ఆడోళ్లు వద్దంటే మళ్ల గీ ముచ్చట తియ్యొద్దు అన్నాడు. తీయను. ఆ అవసరమే రాదు.

పోయినేడు యాడీకి బజారు వీడర్ కొనిచ్చాను. (అమ్మ అని రాద్దామనుకుంటాను, చెయ్యి యాడీ అనే రాస్తుంది.) హ్యాండిల్ ఆమె ఛాతీకి తగిలేది. గిది పొడుగు మొగోళ్లకు చేసిండ్రు బిడ్డా అని కోళ్లగూడు పక్కన పడేసి, మళ్లీ వంగి కలుపు తీయడం మొదలుపెట్టింది. రోజూ ఆమె నడుముకు బామ్ రాసేది నేనే. ఆ నడుము కోసమే డిప్లొమా చదివానని అనను, అంత మంచిదాన్ని కాను. కానీ ఇప్పుడు పని నా చేతిలో ఉంది.

జూలై 16

టేప్‌తో అందరి మోచేతి ఎత్తు కొలిచాను. యాడీ (పేరు సుక్కి), మోతీబాయి, చాందీ, సాలమ్మ, సోమక్క. అందరిలో యాడీ పొట్టి, సోమక్క తాటిచెట్టంత పొడుగు. బట్టలు కుడ్తవా ఏంది బిడ్డా అని ఎగతాళి చేసింది. జాకెట్టుకు కొలత కావాలె గాని పనిముట్టుకు వద్దా అన్నాను. నవ్వి, నిటారుగా నిలబడింది.

జూలై 18

కంప్యూటర్‌లో పార్ట్ ఒకటే, ఫైల్ ఒకటే. లోపల డిజైన్ టేబుల్. మనిషికో వరుస, వరుసకో కాన్ఫిగరేషన్, అంటే ఆ మనిషి కొలతతో ఒక రూపం. పేరు మీద నొక్కితే చాలు, హ్యాండిల్ దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. అందరూ స్మాల్, మీడియం, లార్జ్ అని పెడతారు. నేను మనుషుల పేర్లే పెట్టాను. అన్న నవ్వాడు. నవ్వనీ.

జూలై 21

యాడీ హ్యాండిల్ ఇంకాస్త తగ్గించాను. ఐదు డ్రాయింగ్‌లు కాగితం మీద ప్రింట్ తీసి వెల్డింగ్ చేసే లింగ్యా కాకాకు ఇచ్చాను. ఇంత సాఫ్‌గా ఏ పనీ చేయలేదు నేను.

జూలై 22, ఉదయం

ఐదు హ్యాండిళ్లూ గోడకు ఆనించి ఉన్నాయి. ఐదూ ఒకే ఎత్తు!

కాకా మీద అరిచాను. ఆయన ప్రింట్లు నా ముందు పరిచాడు. పేర్లు ఐదు, కొలత ఒకటే. నిన్న యాడీ కొలత మార్చేటప్పుడు 'ఈ కాన్ఫిగరేషన్‌కే' అని పెట్టాల్సింది. 'అన్నింటికీ' అని ఉంది, చూసుకోలేదు. ఐదుగురినీ సుక్కినే చేసి పెట్టాను.

తప్పు నాదే కాకా అన్నాను. గదంతా తర్వాత, ముందుగాల కొలతలు చెప్పు అన్నాడు. అవి నాకు నోటికొచ్చు. కొత్త పైపు లేదు. నాలుగింటినీ మధ్యలో కోసి, తుక్కులోని ముక్కలు కలిపి పొడుగు చేశాం. అతుకుల బొంత లెక్కున్నయ్ అని అన్న మొహం ముడుచుకున్నాడు. ఉండనీ, కొలత సరిగ్గా ఉంది.

సాయంత్రం

సోమక్క సాలు చివరిదాకా ఆగకుండా తోసింది. ఆమెది చాందీ పట్టుకోబోతే లాక్కుంది, గిది నా పేరు మీదిది అని. అతుకుల సంగతి ఒక్కరూ అడగలేదు.

యాడీ మాత్రం గట్టు మీదే కూర్చుంది. పోయినేడు జూసిన గదా అంది. నేను బతిమాలలేదు. వీడర్ ఆమె ముందు పెట్టి పక్కకు జరిగాను. తనే లేచి ఒక సాలు తోసింది. తిరిగి ఇంకో సాలు. నడుము వంగలేదు. ఏడ్చాను. సిగ్గేమీ లేదు.

ఆగస్టు 3

మాకూ ఇలాంటి హ్యాండిళ్లు కావాలని చిట్యాల ఆడవాళ్ల పేర్లు వచ్చాయి, మోచేతి కొలతలతో సహా. బిక్షపతి అన్నే పక్కన కూర్చొని నాకు చదివి వినిపిస్తున్నాడు.

గంతమంది వస్తే నా పేరు తీసేస్తవా అని పొద్దున యాడీ అడిగింది.

టేబుల్‌లో అన్నిటికన్నా పైన 'డిఫాల్ట్' అని ఒక వరుస ఉంటుంది. ప్రతి కొత్త హ్యాండిల్ దాని నుంచే పుడుతుంది. దాన్ని తీసేశాను.

అక్కడ సుక్కిని పెట్టాను.