మూడు సైకిల్ పత్రికల్లో ఒకటి

ఏమండీ,

ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. నర్సు ఒకామె రాలేదట, ఆవిడ డ్యూటీ కూడా నేనే చేయాలి. పాప బడి నుంచి రాగానే పాలు కాచి ఇవ్వండి. గీజర్ ఆపడం మర్చిపోకండి.

భోజనాల బల్ల మీది సైకిల్ పత్రికలు ఇవాళ తీసేయాల్సిందే. చందా కట్టడానికి మూడింట్లో ఒకటి ఎంచుకోమంటే నెల్లాళ్లుగా నానుస్తున్నారు. ఒకదాంట్లో ఫొటోలు బాగున్నాయట, ఇంకోదాంట్లో రిపేర్లు బాగా చెప్పారట, మూడోదాన్నిండా సైకిల్ ప్రయాణాలేనట! నేనూ పాపా కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటున్నాం. నన్ను చూసిన రోజే సరేనన్న మనిషికి ఇప్పుడింత ఆలోచనేంటో! ఈలోగా అసలు సైకిల్ టైర్లలో గాలి లేక వసారాలో పడి ఉంది. దాని మీద తడి బట్టలు ఆరేస్తున్నాను.

ఇక నా వల్ల కాదు. ప్రయాణాల పత్రికకి నేనే చందా కట్టేశాను. మిగతా రెండూ పాత పేపర్లలో పడేయండి. నోరెత్తకండి.

తా.క. అదే ఎందుకని అడుగుతారు, తెలుసు. అందులో ఇద్దరు కలిసి తొక్కే సైకిల్ ఉన్న పేజీకి మూల మడిచి పెట్టుకున్నారుగా, చూశాను. ముందు సీటు నాది.